దిగులు కొలిచే కాగితం

దిగులు జబ్బును కొలవడానికి ఇరవై ప్రశ్నల ఇంగ్లీషు కాగితం ఒకటుంది. దాన్ని ఉర్దూలోకి దించడానికి ముగ్గురు పండితులు ఆసుపత్రి చల్లగదిలో కూర్చుని రెండు నెలలు టీలు తాగారు. అసలు కాగితం చూడని నాలుగో ఆయన ఆ ఉర్దూను మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పి రాశాడు. రెండు ఇంగ్లీషులూ సరిపోయాయని చప్పట్లు కొట్టుకున్నారు. ఆ టీలన్నీ మోసింది ముసలి అటెండరు. ఉర్దూ అతని ఇంటి భాష. అతన్ని ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

తర్వాత నలభై మంది ఆడవాళ్లను పిలిపించారు. ఒకసారి అడిగి, పదిహేను రోజులకు మళ్లీ అవే అడగాలి. రెండుసార్లూ మార్కులు ఒకేలా వస్తే కాగితం గట్టిదని లెక్క. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చునే అటెండరుకు లోపలి భాగోతం కనపడుతూనే ఉంది. ఉర్దూ వచ్చిన జూనియర్ డాక్టరమ్మ "నిద్ర పడుతోందా?" అంటుంది. వచ్చినావిడ నోరు తెరిచేలోపు పక్కనున్న కొడుకో మొగుడో "బ్రహ్మాండంగా!" అంటాడు. దిగులు లేదని డాక్టరమ్మ సున్నా వేస్తుంది. బతకాలని ఉందా అన్నా జవాబు అతనిదే. అదేదో అతనే బతికి పెడుతున్నట్టు.

ఆ నలభై మందిలో అటెండరు అక్క కూడా ఉంది. నాలుగు నెలలుగా గోడకు ముఖం పెట్టి కూర్చుంటోంది. ముద్ద పెడితే మింగదు, బుగ్గన పెట్టుకుంటుంది. మొదటిసారి ఆమె కొడుకు చెప్పిన జవాబులకు నాలుగు మార్కులొచ్చాయి. ఇరవై దాటితేగాని మంచం ఇవ్వరు. ఇంటికి పంపేశారు. ఇవాళ రెండోసారి. ఈసారీ నాలుగే వస్తే ఇక చూడరు.

"తొందరగా కానిమ్మను మామూ, షాపు తెరవాలి," అన్నాడు మేనల్లుడు, కుర్చీలో సర్దుకుంటూ.

"లే."

"ఎందుకు?"

"కుర్చీ కావాలి."

వాడు లేవగానే అటెండరు కుర్చీ తీసుకెళ్లి వరండాలో వేశాడు. "అదిగో నీ కుర్చీ. పోయి కూర్చో."

"అమ్మకేం తెలుసు మామూ, ఏం చెప్పాలో?"

"ఆమె దిగులు ఆమెకు తెలీదు, నీకు తెలిసిందా? పోరా, పెద్ద వచ్చాడు!"

తలుపు మూసి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఇలా చేయొచ్చో లేదో తాతా..." డాక్టరమ్మ నసిగింది.

"కొడుకును అడగమని కాగితంలో ఉందా అమ్మా?"

ఆమె కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. లేదు.

మొదటి ప్రశ్నకు అక్క ఉలకలేదు, పలకలేదు. డాక్టరమ్మ కలం సున్నా మీదికి పోతుంటే "ఆగండి," అన్నాడు. చాలాసేపు ఆగారు.

"పడుకుంటాను," అంది అక్క చివరికి. "నిద్ర మాత్రం రాదు."

ఆ పైన ఒక్కొక్కటీ వచ్చింది. మిద్దె మీది నీళ్ల ట్యాంకు మూత రెండుసార్లు తీసి లోపలికి చూశానని కూడా చెప్పింది. మొత్తం నలభై ఒకటి.

పెద్ద డాక్టరు ఆ కాగితం చూసి మండిపడ్డాడు. "అప్పుడు నాలుగు, ఇప్పుడు నలభై ఒకటా? మిగతా ముప్పై తొమ్మిది మందివీ అచ్చు గుద్దినట్టు సరిపోయాయే!"

"సరిపోక ఏం చేస్తాయి సార్? రెండుసార్లూ చెప్పింది ఆ మగాళ్లే కదా," అన్నాడు అటెండరు.

"నీ పని టీ ఇవ్వడమయ్యా!"

"ఇస్తాను సార్. ముందు మీరు మంచం ఇవ్వండి."

"ఈవిడ కాగితం లెక్కలోంచి తీసేయండి," అన్నాడు పెద్ద డాక్టరు జూనియర్‌తో.

"తీసేస్తాను సార్. చేర్చుకునే చీటీ మీద సంతకం పెట్టండి. ట్యాంకు మాట నా ముందే చెప్పింది."

ఆయన ఎటో చూస్తూ గీకేసి, ముప్పై తొమ్మిది కాగితాలూ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

చక్రాల కుర్చీలో అక్కను వార్డుకు తోస్తుంటే ఆమె మెల్లగా అడిగింది. "ఆయనకు కోపం వచ్చిందా? తప్పేమైనా చెప్పానా?"

"లేదు ఆపా. ఇంతమందిలో జవాబు చెప్పింది నువ్వొక్కదానివే."

వరండాలో కాళ్లు బారజాపి కూర్చున్న మేనల్లుడు తలెత్తాడు. "ఎన్నొచ్చాయి మామూ?"

"పాసైంది. కాళ్లు తియ్యి."