దీపం ఇవ్వని పూట

పూలమ్మ ముక్కుకు కంపెనీవాళ్లు నెలనెలా జీతం ఇవ్వాల్సింది. బొగ్గుబాయిలో గ్యాసు ఉందో లేదో చూడడానికి సర్దారు చేతిలో దీపం పట్టుకుని తిరుగుతాడు. పూలమ్మకు ఆ దీపం కూడా అక్కరలేదు. మొగుడు గడప దగ్గర నిలబడి, డాక్టరు ముందు చిన్నపిల్లవాడిలా నోరు తెరిచి "హా" అంటే చాలు. సదయ్య తాగుడు మానేసి నాలుగేళ్లు దాటింది. అయినా డ్యూటీకి పోయేటప్పుడు ఒకసారి, వచ్చాక ఒకసారి పరీక్ష తప్పదు.

"ఉల్లిగడ్డ," అంది ఆమె ఆ ఉదయం, సద్దిగిన్నె అందిస్తూ.

"రాత్రి కూరల నువ్వేసిందే గదనే."

"అందుకే పోనిస్తున్న."

ఈ ముక్కుకు రిటైర్మెంటు లేదని సదయ్య సైకిలెక్కుతూ గొణుక్కున్నాడు. గొణగడమే తప్ప ఎదురు చెప్పడు. చెప్పడానికి మొహం లేదు. తాగే రోజుల్లో కూతురి తల మీద, పోచమ్మ మీద, చచ్చిన తండ్రి మీద, చివరికి కంచంలో అన్నం మీద కూడా ఒట్టేసి అబద్ధమాడాడు. ఇప్పుడు నిజం చెబుదామంటే వేయడానికి ఒట్టు మిగల్లేదు.

సన్నటి మనిషి, కాస్త వంగిపోయాడు. ఎప్పటిదో గాయంలో బొగ్గుపొడి ఇరుక్కుని, ఎడమకంటి కింద నీలిగీతలా మిగిలింది. చేతులు వణకడం మొదలయ్యాక లోపలి పనికి పనికిరాడని డాక్టర్లు రాస్తే, పైన దీపాలగదిలో వేశారు. షిఫ్టుకు ముందు ఒక్కొక్కరి దగ్గర నంబరు బిళ్ల తీసుకుని, టోపీకి తగిలించుకునే దీపం కిటికీలోంచి అందించడం అతని పని. దీపం లేనివాడు బాయి దిగలేడు. దిగనివాడికి ఆ పూట మస్టరులో హాజరు లేదు.

మొగిలి మానేసింది కూడా సదయ్యతోపాటే, ఎనభై ఏడు ఎండాకాలంలో. ఇద్దరూ ఒకే దుకాణంలో తాగారు, ఒకే మోరీలో పడ్డారు, ఒకే వారంలో మానేశారు. సాయంత్రం కాళ్లు సారా దుకాణం వైపు లాగే వేళకు కరీం హోటల్లో కూర్చుని, ఆ గండం దాటేదాకా చాయ్ మీద చాయ్ తాగేవారు. "మీరు తాగుడు మానలే భాయ్, దుకాణం మార్చిన్రు," అనేవాడు కరీం. ఒకడు రాకపోతే రెండోవాడు వెళ్లి తలుపు కొట్టాలి. అదీ ఒప్పందం.

పది రోజులుగా మొగిలి డ్యూటీకీ, హోటల్‌కూ రావడం లేదు. సదయ్య రెండుసార్లు వెళ్లి తలుపు కొట్టాడు. పడుకున్నాడనే చెప్పింది మొగిలి పెళ్లాం సారక్క. ఆ పడకేమిటో సదయ్యకు నచ్చలేదు.

ఆ ఉదయం మొగిలి వరుసలో వచ్చాడు. కళ్లు గుంతలు పడ్డాయి, అంగీ భుజాల మీద వేలాడుతోంది. చేతిలోంచి బిళ్ల జారితే వంగి తీసుకుని, రొప్పుతూ లేచాడు. ఆ ఊపిరి కిటికీలోంచి సదయ్య ముఖానికి తగిలింది. తియ్యటి, పులిసిన వాసన.

"ఎప్పుడు మొదలువెట్టినవ్?" సదయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"ఏంది?"

"నాకు తెల్వని వాసననా మొగిలి?"

"తాగలే బావ." నాలుక తడబడింది. "నీళ్లే. ఎన్ని తాగినా దూప తీర్తలేదు. నీ మీద ఒట్టు."

"నా మీద నువ్వేసిన ఒట్లకు నేనెప్పుడో చావాలె."

వెనక వరుసలో నవ్వారు. సదయ్య దీపం ఇవ్వలేదు. సర్దారుకు చెబితే చార్జిషీటు. చెప్పకుండా వెనక్కి పంపడం స్నేహితుడికి తాను చేస్తున్న మేలనుకున్నాడు. "పోయి పండుకో. ఒక్క మస్టరే గద పోయేది."

మొగిలి కాసేపు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నల్లా దగ్గర దోసిలి పట్టి చాలాసేపు నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

"ఏమైంది?" అన్నాడు వెనకే ఉన్న నర్సింగం.

"మళ్ల మొదలువెట్టిండు," అన్నాడు సదయ్య. ఆ ముక్క షిఫ్టు దిగేలోపు బాయంతా పాకింది.

మూడింటికి డ్యూటీ అయ్యాక, మొగిలిని దవాఖానకు తీసుకుపోయారని తెలిసింది. సదయ్య సైకిల్ అటు తిప్పాడు. చేరేసరికి మంచం మీద దుప్పటి తలదాకా కప్పి ఉంది.

"తాగుడు ఎక్కువైందా సార్?"

డాక్టరు రాస్తున్నది ఆపాడు. "తాగుడు కాదయ్యా, చక్కెర జబ్బు. ముదిరితే ఊపిరి అట్లాగే వాసన వస్తుంది, మనిషి తూలుతాడు. పొద్దున్నే తెచ్చి ఉంటే మా ప్రయత్నం మేం చేసేవాళ్లం."

ఆ మాట విన్నది సదయ్య ఒక్కడే.

బయట వరండాలో సారక్క నేల మీద కూర్చుంది. "పొద్దుగాల ఇంటికొచ్చి నువ్వు దీపమియ్యలేదన్నడు అన్నా," అంది తలెత్తకుండా. "వేరేటోళ్లు అంటే నమ్మకపోదును. నువ్వే తాగిండన్నవంటే నిజమే అనుకున్న. తిట్టి, బయట అరుగు మీదనే వదిలి తలుపు పెట్టుకున్న. ఉలుకు పలుకు లేదని పగటియాల్ల చూస్తిని."

సదయ్య నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. మూసుకుని ఉంటే చాలు. తాగి చచ్చాడన్నవాడి గురించి బస్తీలో ఎవరూ రెండో ప్రశ్న అడగరు.

పొద్దు గుంకకముందే పాడె కట్టారు. చుట్టూ చేరిన ఆడవాళ్లలో పూలమ్మ కూడా ఉంది. నర్సింగం జేబులోంచి సారా ప్యాకెట్ తీశాడు. పోయినవాడికి ఇష్టమైనది నోట్లో ఇంత పోసి సాగనంపడం వాళ్లలో వాడుక.

"నాలుగేండ్లు నోరు కట్టుకున్నడు పాపం," అన్నాడు నర్సింగం. "ఆఖరికి ఆగలేకపాయె. ఇంత పోద్దాం, తృప్తిగ పోతడు."

ప్యాకెట్ మూల కొరకడానికి పళ్ల మధ్య పెట్టాడు. సారక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముఖం తిప్పుకుంది.

"ఆగు," అన్నాడు సదయ్య. "వాడు తాగలే."

"నువ్వే గద బావ, తాగిండన్నది?"

"అన్న. తప్పు చెప్పిన." పాడె ముందుకు వచ్చి నిలబడ్డాడు. మళ్లీ, అందరికీ వినిపించేలా మొదలుపెట్టాడు. "అది చక్కెర జబ్బు వాసన. డాక్టర్ చెప్పిండు. చెప్పినంక గూడ నేను గింతసేపు నోరు మూసుకున్న. దీపమియ్యంది నేను, బదనాం చేసింది నేను. నాలుగేండ్లల్ల మొగిలి చుక్క ముట్టలే. నీ మొగడు అబద్ధమాడలే సారక్కా. తప్పు నాది."

నర్సింగం ప్యాకెట్ మెల్లగా కింద పెట్టి పాడెకు భుజం పట్టాడు. డప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగాక, వాకిట్లో చల్లిన నీళ్ల తడిలో, మూల కొరకని ఆ ప్యాకెట్ ఒక్కటే మిగిలింది.