పెడచెవి

మా అన్నయ్యకు గిటార్ సౌండు పెంచే ఆంప్ కొనడానికి వెళ్లిన రోజు నేను వాడి మీద మంచి కోపంలో ఉన్నాను. కోపం నాకు కొత్తేమీ కాదు. చిన్నప్పటి నుంచీ వాడు నన్ను పిలిచే పేరే గయ్యాళి. ఒకసారి మా పిల్లల స్కూల్లో, టీచరు ముందు కూడా అలాగే పిలిచి పరువు తీశాడు.

ఈసారి కోపానికి కారణం ఉంది. రెండేళ్లుగా ఏం చెప్పినా పెడచెవిని పెడుతున్నాడు. లాండ్రీ షట్టరు సగం దించి రమ్మంటే తలూపి, పూర్తిగా దించేసి వస్తాడు. ఫోన్ చేస్తే ఎత్తడు, మెసేజ్ పెట్టమంటాడు. వదిన అయితే, "మీ అన్నయ్యకు నేనంటే లెక్కే లేదు, వెనక నుంచి పిలిస్తే ఒక్కసారైనా తిరిగి చూడరు" అని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. మొన్న ఇస్త్రీ బల్ల దగ్గర నాకు ఒళ్లు మండి, పనివాళ్లందరి ముందూ అడిగేశాను.

"నీకు చెవులున్నాయా అన్నయ్యా, లేకపోతే అందానికి తగిలించుకున్నావా?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూసి ఇంకా మండింది.

మాది లాండ్రీ. అమ్మ పెట్టింది, అమ్మ పోయాక మేమిద్దరం నడుపుతున్నాం. నాలుగు వాషింగ్ మెషిన్లు, రెండు డ్రయ్యర్లు, ఒక ఆవిరి ఇస్త్రీ బల్ల. అన్నీ ఒకేసారి తిరుగుతుంటే పక్కనే నిలబడి అరిచినా వినపడదు. అందుకే మా ఇంట్లో నోళ్ల కంటే చేతులు ఎక్కువ మాట్లాడతాయి. మణికట్టు తిప్పితే మళ్లీ ఉతకాలని. భుజం తట్టుకుంటే కాలరు మీద మరక పోలేదని. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టేయడం మాకు అక్షరాలకంటే ముందు వచ్చింది.

అన్నయ్య గిటార్ నేర్చుకున్నది ఆ మెషిన్ల వెనక గదిలోనే. క్లీన్, డిస్టార్షన్ అనే మాటలు తెలియకముందే వాటికి మేం పేర్లు పెట్టేసుకున్నాం. తీగ మీటింది మీటినట్టుగా, మచ్చ లేకుండా వస్తే ఉతికిన సౌండు. ఆంప్‌ను గట్టిగా తిప్పినప్పుడు గొంతు బొంగురుపోయి, అంచులు కమిలినట్టు వస్తే మాడిన సౌండు. చొక్కా మీద ఇస్త్రీపెట్టె మర్చిపోతే పడే మచ్చ ఉంటుందే, అమ్మకు ఆ సౌండు వింటే అదే గుర్తొచ్చేది. నేను గది చివర మాసిన బట్టల మూటల మీద కూర్చుని వినేదాన్ని. అరచెయ్యి చాపితే ఉతికింది బాగా వచ్చిందని. పిడికిలి బిగిస్తే మాడింది బాగా వచ్చిందని. చెయ్యి అడ్డంగా ఊపితే మళ్లీ మొదటికి రమ్మని.

తర్వాత వాడు ట్రూప్‌తో స్టేజీ ఎక్కాడు. ఏ హాల్లోనైనా చివరి వరసలో నిలబడి నేను చెయ్యి చూపించాకే ప్రోగ్రాం మొదలయ్యేది. రెండేళ్ల కిందట ఒక హాల్లో, "ట్రెబుల్ తగ్గించు, చెవులు చిల్లులు పడుతున్నాయి" అని మూడుసార్లు అరిచాను. వాడు తల వంచుకుని మీటలు తిప్పుకుంటూనే ఉన్నాడు. ముందు వరసలవాళ్లందరూ తిరిగి నా వైపు చూశారు, వాడు తప్ప. నన్ను నలుగురిలో తీసిపారేశాడని అలిగి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాడి పాత ఆంప్ గోల మొదలైంది. అది వాల్వులతో పనిచేసే బరువైన పెట్టె. దాని గొంతు పోయిందని, దుప్పటి కప్పినట్టు వస్తోందని వాడి బాధ. వాల్వులు మార్పించాడు, స్పీకరు మార్పించాడు. మూడోసారి మోసుకెళ్తే రిపేరు షాపాయన దండం పెట్టి, "దీనికి ఏ రోగమూ లేదు మాస్టారూ, మీరే నాకు రోగం తెప్పిస్తున్నారు" అన్నాడట. పోయిన వారం ట్రూప్‌లో డ్రమ్ములు వాయించే ఆయన తెగేసి చెప్పేశాడు. నీ సౌండు సూదుల్లా గుచ్చుతోంది, ఆదివారం లోపు ఆంప్ మార్చకపోతే మేం గిటారిస్టునే మార్చుకుంటాం అని.

లాండ్రీ మా అన్నయ్యకు బతుకుతెరువు. గిటార్ వాడి బతుకు. నాకు మెసేజ్ పెట్టాడు: "రేపు పొద్దున షాపుకు రావే గయ్యాళీ. నీ చెయ్యి కావాలి." అలక అలకే, అన్నయ్య అన్నయ్యే. వెళ్లాను.

షాపులో ఆంపులన్నీ వెనకవైపు ఒక పొడవాటి గదిలో పెట్టారు. పక్కగదిలో కీబోర్డు క్లాసు జరుగుతోందని, సౌండు తక్కువ పెట్టుకోమని సేల్స్ కుర్రాడు ముందే చెప్పాడు. జుట్టు పిలకలా కట్టుకున్నా మర్యాద తెలిసిన మనిషి.

"ఒకే ఆంప్‌లో అన్ని రకాలూ కావాలంటే మోడలింగ్ ఆంపే కరెక్టు సార్. పాతిక ఆంపులు ఎలా మోగుతాయో ఇదొక్కటే అలా మోగుతుంది. మీ వాల్వుల ఆంప్ సౌండు కూడా ఇందులో ఉంటుంది."

"అంటే మిమిక్రీ ఆర్టిస్టన్నమాట" అన్నాను.

"అలాగే అనుకోండి మేడమ్. కానీ పాతిక ఉన్నాయని మురిసిపోకూడదు. ఒక క్లీన్, ఒక డిస్టార్షన్ మనసుకు నచ్చితే చాలు. గిటార్ మీద వాల్యూమ్ తగ్గిస్తే డిస్టార్షన్ మెల్లగా క్లీన్‌లోకి రావాలి. అలా రాకపోతే ఆ ఆంప్ వదిలేయండి." వంగి వైరు గుచ్చుతూ ఆ చివరి మాటలు చెప్పాడు.

అన్నయ్య తల ఊపి, "నల్లదే ఇవ్వండి" అన్నాడు.

కుర్రాడు నా వైపు చూశాడు. రంగు సంగతి ఇప్పుడెవరడిగారని పళ్లు నూరుకుంటూ నేను గది చివరికి వెళ్లి నిలబడ్డాను.

మొదటి ఆంప్ మీద వాయించాడు. నాకు బాగానే ఉంది, అరచెయ్యి చాపాను. వాడు మాత్రం మొహం చిట్లించి, "దుప్పటి" అన్నాడు. ట్రెబుల్ పెంచాడు, ఇంకా పెంచాడు. నేను చెయ్యి ఊపాను. రెండోదీ అంతే. మూడోదాంట్లో మోడళ్లన్నీ ఒక్కొక్కటే తిప్పుతూ పోయాడు. అరగంట గడిచింది. ఏసీ గదిలో వాడి మెడ మీద చెమట.

"అన్నిటి మీదా దుప్పటే. కొత్తవాటికి కూడా అదే జబ్బేమిటే?" అన్నాడు. ఆ గొంతులో భయం నాకు తెలిసింది. కానీ దేనికి భయమో తెలియలేదు. చాదస్తం అనుకున్నాను.

నాలుగో ఆంప్ దగ్గర కుర్రాడు గిటార్ తనే అందుకున్నాడు. ఆంప్ మీదున్న ట్యూనర్ మీట నొక్కి తీగలు శ్రుతి చేశాడు. ఆ మీట నొక్కి ఉన్నంతసేపూ ఆంప్ మూగపోతుంది. గిటార్ అన్నయ్య చేతికిచ్చి, "ట్యూనర్ ఆపేసి వాయించండి సార్" అని చెబుతూనే కౌంటరు వైపు వెళ్లాడు. అన్నయ్య ఎప్పటిలాగే ఆంప్‌కు వీపు పెట్టి, నాకు ఎదురుగా కూర్చుని, గిటార్‌ను గుండెకు ఆనించుకుని మొదలుపెట్టాడు.

అమ్మ బట్టలు మడతపెడుతూ తీసే కూనిరాగం అది. వాడు గిటార్ మీద నేర్చుకున్న మొదటి వరస. ఆంప్‌లోంచి ఏమీ రావడం లేదు. ఉత్త తీగల మీద గోరు గీసుకున్న చప్పుడు మాత్రం సన్నగా వినిపిస్తోంది. ట్యూనర్ ఆపలేదని చెప్పబోయాను. అప్పటికే వాడు కళ్లు మూసుకున్నాడు.

రాగం మొత్తం వాయించాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు, అమ్మ ఊపిరి తీసుకునే చోట ఆగినట్టు. అయ్యాక కళ్లు తెరిచాడు. రెండు కళ్లూ తడిగా ఉన్నాయి.

"ఇదే గయ్యాళీ! ఇదే నా ఉతికిన సౌండు. దుప్పటి తీసేశారు చూడు."

ఫోన్ ఎందుకు ఎత్తడో, వదిన వెనక నుంచి పిలిస్తే ఎందుకు తిరగడో, నల్లదే ఇవ్వమని ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది. ఇంకే ఇంట్లోనైనా ఇది ఆరు నెలల్లో బయటపడేది. మా ఇంట్లో అందరం పెదాలు చూసే మాట్లాడతాం, చేతులతోనే పిలుస్తాం. వాడికి చెవులు వినపడటం లేదని కనిపెట్టడానికి మాకు దారే లేకపోయింది. వాడు పెడచెవిని పెడుతున్నాడని రెండేళ్లు ఊరంతా చాటింది నేనే.

వాడు నా చెయ్యి కోసం ఎదురుచూస్తున్నాడు. అరచెయ్యి చాపితే అబద్ధం. చెయ్యి ఊపితే వాడు ఏమైపోతాడో తెలియదు. చెయ్యి లేవలేదు.

ఇంతలో కుర్రాడు వచ్చి, "అయ్యో, ట్యూనర్ ఆపలేదా సార్? సౌండే రాలేదుగా!" అన్నాడు. అన్నయ్య వీపు అతని వైపు ఉంది. వాడికేమీ తెలియలేదు. ఊరుకో బాబూ అని పెదాల మీద వేలు పెట్టాను. అదే నేను చేసిన తప్పు. మాట వినపడని వాడికి సైగ కనపడింది. అన్నయ్య గిరుక్కున తిరిగి కుర్రాణ్ని చూశాడు, తర్వాత ఆంప్ మీద వెలుగుతున్న ట్యూనర్ పచ్చ లైటు చూశాడు. ఇరవయ్యేళ్లుగా వాయిస్తున్నవాడికి ఆ లైటు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎప్పట్నుంచి వెలుగుతోంది?" అని అడిగాడు నన్ను.

"మొదట్నుంచీ."

నా పెదాల వైపు చాలాసేపు చూశాడు.

"నాకు వినపడిందే. ఒట్టు. అమ్మ రాగం మొత్తం వినపడింది" అన్నాడు.

దగ్గరికి వెళ్లి వాడి తల పట్టుకుని ఏడ్చాను. షాపులో జనం చూస్తున్నారని కూడా అనుకోలేదు. "కాస్త తగ్గిందనుకున్నాను" అన్నాడు నెమ్మదిగా. "మెషిన్ల దగ్గర పనిచేసేవాళ్లకు మామూలే అనుకున్నాను. తీగలు మాత్రం నన్ను వదిలిపోవనుకున్నాను. అందుకే ఆంపే పాడైందనుకున్నా."

కళ్లు తుడుచుకుని ట్యూనర్ తనే ఆపాడు. "ఇంక నువ్వే తిప్పు" అన్నాడు.

వాడు మీటాడు, నేను తిప్పాను. వాడికి ఇష్టమైన చోటు కన్నా ట్రెబుల్ బాగా తగ్గించి, మొదటి బటన్‌లో ఉతికిన సౌండు దాచాను. రెండో బటన్‌లో మాడిన సౌండు. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే అది మెల్లగా తేటపడుతోంది, కుర్రాడు చెప్పినట్టే. గది చివరికి వెళ్లి అరచెయ్యి చాపాను, తర్వాత పిడికిలి బిగించాను.

"నాకు దుప్పటే" అన్నాడు, నవ్వబోయి. "నీ చెయ్యి బాగుందంటోంది కదా, చాలు."

ఆదివారం నేను చివరి వరసలో నిలబడాలని, సోమవారం వాడు చెవుల డాక్టరు దగ్గరికి రావాలని దారిలో ఒప్పందం చేసుకున్నాం. వాడికి ఎదురుగా తిరిగి, వెనక్కి అడుగులేస్తూ ఆ మాటలు చెప్పాను.

లాండ్రీకి వచ్చాక కొత్త ఆంప్ వెనక గదిలో పెట్టాం. మధ్యాహ్నం భోజనాల వేళ, మెషిన్లు ఆపి ఉన్నాయి. పాత ఆంప్ మూలన ఉంది. అన్నయ్య దాని ముందు గొంతుక్కూర్చుని, ఉతికిన తువ్వాలు ఒకటి తీసుకుని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

"దీనికి ఏమీ కాలేదు కదూ?" అని తలెత్తి నన్ను చూశాడు.

లేదని తల ఊపాను.

"పాపం, రెండేళ్లు దీన్ని ఊరికే తిట్టాను" అని మళ్లీ దాని వైపు తిరిగాడు.

"నేనూ నిన్ను ఊరికే తిట్టాను అన్నయ్యా. నన్ను క్షమించు" అన్నాను.

వాడు తుడుస్తూనే ఉన్నాడు. మెషిన్లన్నీ ఆగిన గదిలో, రెండడుగుల దూరంలో నిలబడి చెప్పిన మాట. నేను వాడి పక్కనుంచి వెళ్లి, ఆంప్‌కూ వాడికీ మధ్య నేల మీద కూర్చున్నాను. నా పెదాలు కనపడేలా మొహం ఎత్తి మళ్లీ చెప్పాను.