పెట్టెలో తెచ్చిన దేశం

ఎవరార్డ్ కాల్‌వుడ్ దొరకు సముద్రం పడదు. ఓడ ఎక్కిన మొదటి పూటే వాంతులు మొదలయ్యేవి. అయినా రాణీగారి కొలువులో ఆయనను మించిన నావికుడు లేడని లండన్‌లో చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది ఆయనే. నా పేరు బార్నబీ, ఆయన ఓడకు వడ్రంగిని. ఆయన వాంతులకు చెక్క బాల్చీలు చేసి ఇచ్చినవాణ్ణి కాబట్టి ఆయన ఘనత నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో మా డెవన్ తీరమంతా సముద్రయానాల వెర్రి. నిన్నమొన్నటిదాకా చేపలకు ఉప్పు పట్టించుకుని బతికినవాళ్ళం. స్పెయిన్ వాళ్ళు కొత్త దేశాలు దోచుకుని తెచ్చుకుంటున్నారని కడుపు మండి, సముద్రం మా అబ్బ సొత్తన్నట్టు బయలుదేరాం. తెడ్డు పట్టడం చేతకాని ప్రతి జమీందారు కొడుక్కీ ఒక ఓడ, ఒక బాకా ఊదేవాడు, మెడచుట్టూ గంజి పెట్టిన కుచ్చుల పట్టీ.

కాల్‌వుడ్ దొర కూడా పడమటి సముద్రం దాటి కొత్త నేల కనిపెడతానని రాణీగారి దగ్గర అనుమతి పత్రం తెచ్చుకున్నాడు. బయలుదేరిన పద్దెనిమిదో రోజున తుపాను వచ్చి మా పెద్ద తెరచాప కొయ్యను విరిచేసింది. ఆ తరువాత మూడు వారాలు గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయాం. చివరికి పొగమంచులో ఏదో ఒడ్డు తగిలింది. దొర కుచ్చుల పట్టీ కట్టుకుని పడవ దిగి, మోకాళ్ళ మీద కూలబడి దేవుడికి దండం పెట్టాడు. ఆయన మోకాలు ఆనిన చోట ఆవు పేడ ఉంది. ఇంకా ఆవిరి కక్కుతోంది కూడా.

"దొరా, ఇక్కడ ఎవరో ఆవుల్ని మేపుతున్నారండీ" అన్నాను.

"అడవి ఆవులయ్యుంటాయిలే."

"మెడలో గంట మోగుతోందండీ."

"నిన్ను తెచ్చింది చెక్క పనికి. నోరు మూసుకుని గడ్డి కొయ్యి."

మా దేశంలో పొలం చేతులు మారాలంటే కాగితం ఒక్కటే చాలదు. అమ్మేవాడు ఆ నేలలోంచి గడ్డితో సహా ఒక మట్టిపెళ్ళ కోసి, దాంట్లో చెట్టుకొమ్మ గుచ్చి, సాక్షుల ఎదుట కొనేవాడి చేతిలో పెట్టాలి. అప్పుడే అది అతనిదవుతుంది. ఇక్కడ అమ్మేవాడు లేడు, వాణ్ణి అడిగినవాడూ లేడు. నేనే కోశాను, నేనే కొమ్మ గుచ్చాను, నేనే దొర చేతిలో పెట్టాను. కనుచూపు మేర నేలంతా రాణీగారిదని ఆయన గొంతు చించుకుని చదివాడు. ఆ మంచులో కనుచూపు మేర అంటే పది అడుగులు.

అంతలో మంచు కాస్త విడిపోయింది. గట్టు మీద ఒక ముసలామె పాలకుండ చంకన పెట్టుకుని నిలబడి, ఐర్లండ్ భాషలో మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టింది. ఐర్లండ్! మా రేవు నుంచి చేపల పడవలు వారం తిరక్కుండా వెళ్ళి వచ్చే చోటు.

దొర మట్టిపెళ్ళతో సహా గబగబా పడవెక్కి ఓడ చేరాడు. ఎక్కాక కాగితం రాయించాడు. పడమటి సముద్రం దాటామట, నిర్మానుష్యమైన సారవంతమైన నేల కనబడిందట, దాన్ని శాస్త్రోక్తంగా స్వాధీనం చేసుకున్నామట. సాక్షులం పన్నెండు మందిమి. అందరికీ ఇంటి బెంగ పట్టుకుంది, గీయమన్న చోట గుర్తులు గీశాం. నేనూ నా గుర్తు, చిన్న గొడ్డలి బొమ్మ, గీశాను.

ఆ పెళ్ళను నేను చేసిన ఓక్ చెక్క పెట్టెలో పెట్టి దొర తన ఇంటి హాలులో నిలిపాడు. వసంతం రాగానే అందులోంచి బార్లీ మొలిచింది. ఆ ముసలామె చేను అంచు నుంచి కోశాను కదా మరి, మొలవక ఏం చేస్తుంది? లండన్ నుంచి వచ్చిన పెద్దమనుషులు పెట్టె చుట్టూ చేరి నోళ్ళు వెళ్ళబెట్టారు. "దున్నకుండానే, విత్తకుండానే పండే నేల!" అన్నాడొకడు. ఇంత చదువుకుని ఇంత గాడిదలు ఎలా అయ్యారా అని ఓ మూల నిలబడి తెగ సంబరపడ్డాను. ఏడాది పాటు ఆ నవ్వు లోలోపల నవ్వుకుంటూనే ఉన్నాను.

అక్కడ స్థిరపడడానికి నలభై కుటుంబాలు కావాలని దొర చాటింపు వేయించినప్పుడు కూడా నవ్వాను. వాళ్ళలో నా కూతురు విల్మట్, అల్లుడు హంఫ్రీ ఉన్నారని తెలిసే దాకా.

పరుగున వాళ్ళింటికి వెళ్ళాను. విల్మట్ పొయ్యి మీద బఠాణీ జావ కలుపుతోంది. హంఫ్రీ లేడు. జరిగిందంతా చెప్పాను. అది గరిటె ఆపి నా ముఖంలోకి చూసింది.

"ఏడాది నుంచీ నీకు తెలుసా?"

"తెలుసు. అందుకే చెప్తున్నాను, నువ్వు మాత్రం ఓడ ఎక్కకు తల్లీ."

"మరి పక్కింటి థామసిన్? కవల పిల్లల్ని వేసుకుని ఎక్కుతోంది. దానికి చెప్పావా?"

"వాళ్ళ గొడవ మనకెందుకే?"

"మనకెందుకా!" అంది విల్మట్. కాల్‌వుడ్ దొరను తలుచుకున్నప్పుడల్లా నా ముఖం ఎలా ఉంటుందో, ఆ క్షణాన దాని ముఖం అలా ఉంది. "పద నాన్నా. నలభై ఇళ్ళకీ వెళ్ళి చెబుదాం."

"నాకేమైనా పిచ్చా? దొర మీద అపనింద వేస్తే బజార్లో కొయ్యకి బిగించి చెవులకి మేకులు కొడతారు."

ఆదివారం ప్రార్థన అయ్యాక, జనమంతా చర్చి ముంగిట ఉండగా, విల్మట్ సమాధిరాయి ఒకటి ఎక్కి నిలబడి అంతా చెప్పేసింది. ఆవు పేడతో సహా. కొందరు నవ్వారు. కొందరు తలలు పట్టుకున్నారు. థామసిన్ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. కాల్‌వుడ్ దొర మాత్రం చలించలేదు. ఆయనకు సముద్రం రాదు గాని మనుషులు బాగా వచ్చు.

"వడ్రంగి ఇక్కడే ఉన్నాడుగా, అతన్నే అడుగుదాం. ఏమయ్యా బార్నబీ, కాగితం మీద గొడ్డలి గుర్తు నీదేనా?"

"నాదేనండీ."

"అయితే మీ అమ్మాయి చెప్పేది నిజమా, నువ్వు గీసింది నిజమా?"

విల్మట్ నా వైపు చూసింది. నలభై కుటుంబాలూ చూశాయి.

"ఆడపిల్ల దొరా" అన్నాను. "సముద్రమంటే భయం దానికి. ఏదో కల్పించుకుంది. క్షమించండి."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. థామసిన్ అయితే కన్నీళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది, ప్రాణం లేచొచ్చిందంటూ. హంఫ్రీ పెళ్ళాం రెక్క పట్టుకుని రాయి మీంచి దింపాడు.

"కన్నతండ్రే కాదన్నాక ఇంకా ఏంటే నీ గోల? ఇల్లూ పొలమూ వదిలేశాం. పోక ఎక్కడుంటాం?"

దొర నిజం చెప్పడని నాకు ముందే తెలుసు. ఆయన రక్తంలోనే నిజం లేదు. నా దగ్గర ఉండి కూడా అది బయటికి రాలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నీచులో పెద్ద లెక్క కట్టక్కర్లేదు.

ఓడ బయలుదేరే ఉదయం రేవుకు వెళ్ళాను. మూటలు, కోళ్ళ గంపలు, ముసలివాళ్ళ ఏడుపులు. దొర ఒడ్డు మీదే ఉన్నాడు, ఈసారి ఆయన వెళ్ళడం లేదు, ఇంకొకణ్ణి పంపుతున్నాడు. బాకా మాత్రం ఆయన కోసమే ఊదుతున్నారు. ఆయన నన్ను చూసి తల పంకించాడు. నేను టోపీ తీశాను.

విల్మట్ పడవ ఎక్కబోతూ ఆగి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"థామసిన్ అడుగుతోంది నాన్నా, పిల్లలకి ఏం బట్టలు పెట్టాలని. అక్కడ చలి ఎట్లా ఉంటుంది? ఒడ్డున మంచినీళ్ళు దొరుకుతాయా? అటు వెళ్ళొచ్చిన వాడివి నువ్వేనంట కదా, నిన్నడిగి రమ్మంది."

"మేం అంత దూరం పోనే లేదమ్మా, నాకు తెలీదు" అన్నాను, దొరకు వినబడకుండా.