హాస్కిన్స్ ఎర్రకారులో లొడలొడ

పక్కింటి హాస్కిన్స్ పేరెత్తితే యాభై దాటిన ఈ వయసులోనూ జెనీన్ పావ్లిక్‌కి మూతి వంకర తిరుగుతుంది. ఆయన పళ్ళ డాక్టరు. మిషిగన్‌లోని వాళ్ళ ఊళ్ళో సగంమంది నోళ్ళు ఆయన చేతిలో పడ్డవే. అలా సంపాదించిందంతా పెరట్లో ఒక షెడ్డు కట్టి తొమ్మిది కార్ల మీద పోశాడు. అన్నీ అరవైల చివర తయారైన మజిల్ కార్లే. ముందు దున్నపోతంత ఇంజను, వెనక ఇద్దరు పిల్లలు కూడా సరిగా పట్టని సీటు. కుర్రకారు రోడ్లు అదరగొట్టుకుంటూ పోవాలని చేసిన బళ్ళు అవి. హాస్కిన్స్ మాత్రం ఏడాదికి రెండుసార్లు, మబ్బుతునక కూడా లేని ఆదివారం చూసుకుని, వీధి చివరిదాకా పోనిచ్చి, వెనక్కి తెచ్చి, చంటిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు తుడిచి దుప్పటి కప్పేవాడు.

పదేళ్ళ జెనీన్‌కి అవంటే పిచ్చి. అది తలుచుకుంటే ఇప్పటికీ తనమీద తనకే చిరాకు. కంచె చెక్కల సందులో ముక్కు దూర్చి గంటల తరబడి చూసేది. వాళ్ళ నాన్న లెన్ అలాంటి కార్లు చేసే ఫ్యాక్టరీలోనే పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. అప్పటికి అది మూతపడి రెండేళ్ళయింది. అయినా ఆమె కంటికి నాన్నకన్నా హాస్కిన్సే గొప్పవాడు. నాన్నకున్నది తుప్పుపట్టిన వ్యాను.

ఎనభైనాలుగు జూలైలో డాక్టరు వీధివాళ్ళందరినీ షెడ్డుకి పిలిచి, సాసేజీ పెట్టిన రొట్టెలు పంచాడు. తిన్న చేతులు తగలకుండా కార్ల చుట్టూ తాడు కట్టాడు. ఎర్రకారు దగ్గర ఆగి, చర్చిలో మాట్లాడినట్టు గొంతు తగ్గించాడు.

"వినండి."

కుడి తలుపు వేశాడు. ధబ్బుమంది. వెంటనే లోపల ఏదో లొడలొడలాడింది.

"విన్నారా? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజునుంచీ ఉందీ చప్పుడు. ఆ కాలపు పనివాళ్ళు తలుపు బిగిస్తే శిల్పం చెక్కినట్టే. ఇప్పుడెక్కడున్నారండీ అలాంటివాళ్ళు? అందరికీ జీతం మీదే ధ్యాస!"

అందరూ తలలూపారు. జెనీన్ కూడా ఊపింది.

"శిల్పం కాదు డాక్టరుగారూ, సీసా," అన్నాడు లెన్, రొట్టె నములుతూనే.

"ఏమిటీ?"

"ఇది తయారైన ఏడాది ఈ మోడలుకి కుడి తలుపులు బిగించింది నేనూ, ఆర్లో అని ఇంకొకడూ. నిమిషానికో కారు. తలుపు పట్టకపోతే మోకాలితో ఒక్కటిచ్చేవాళ్ళం, చచ్చినట్టు పట్టేది. సూపర్‌వైజరు మీద ఒళ్ళు మండినప్పుడు సోడా సీసా తలుపు లోపల పడేసి పైన అట్ట బిగించేవాళ్ళం. కొన్నవాడు జన్మంతా వెతుక్కుంటాడని."

ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు మొహం జేవురించింది.

"చూడు లెన్, పని పోయిన బాధలో ఉన్నావు, నాకర్థమవుతుంది. కానీ ఇది అచ్చమైన ఒరిజినల్. కాగితాలున్నాయి నా దగ్గర."

"ఉండనివ్వండి. ఒక స్క్రూడ్రైవరిలా ఇవ్వండి చాలు."

"తాడు దాటకు!"

జెనీన్‌కి చెవులు వేడెక్కాయి. నాన్న కోతలు కోస్తున్నాడనుకుంది. చొక్కా పట్టుకు లాగి, "పోదాం పద నాన్నా, పరువు తీయకు," అంది. లెన్ కూతురి మొహంలోకి ఒక్క క్షణం చూసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, బయటికి నడిచాడు.

మూడు వారాల తర్వాత కంచె సందులోంచి ఆమెకి డాక్టరు కనిపించాడు. తలుపు అట్ట విప్పి, మోచేతిదాకా చెయ్యి దూర్చి వెతుకుతున్నాడు. ఆకుపచ్చ సీసా ఒకటి బయటికొచ్చింది. క్షమించమనడానికి వస్తాడని జెనీన్ పరుగెత్తి తమ ఇంటి గుమ్మంలో నిలబడింది. చీకటిపడేదాకా నిలబడింది. ఆయన రాలేదు.

ఆగస్టులో డాక్టరు మళ్ళీ జనాన్ని పిలిచాడు. సీసాకి గాజుపెట్టె, పెట్టె కింద ఇత్తడి రేకు. దానిమీద, 'అజ్ఞాత కార్మికుడి సంతకం'. "ఆ చప్పుడులో ఒక మనిషి దాగున్నాడని నాకెప్పుడూ అనుమానమే," అంటున్నాడు హాస్కిన్స్. జనం ఫొటోలు తీసుకుంటున్నారు.

జెనీన్ ఏడుస్తూ ఇంటికొచ్చింది. "అజ్ఞాతుడట నాన్నా! నువ్వు పక్కింట్లోనే ఉన్నావు కదా!"

లెన్ పగలబడి నవ్వాడు. "ఆయన చెత్తకి పూజ చేసుకుంటే మనకేం పోయిందే?"

"నేను కూడా నిన్ను నమ్మలేదు."

నవ్వు ఆగింది. "అవును," అన్నాడు లెన్ మెల్లగా. "అది మాత్రం కాస్త గుచ్చుకుంది."

సెప్టెంబరులో బడిపిల్లల పళ్ళు చూడ్డానికి హాస్కిన్సే వచ్చాడు. జెనీన్ నోట్లో రెండు వేళ్ళు పెట్టి, "కార్లు చూడ్డానికి రావట్లేదేమ్మా?" అన్నాడు ముద్దుగా.

ఆమె ఉన్న బలమంతా పెట్టి కొరికింది.

బడి నుంచి చీటీ వచ్చింది. లెన్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, కూతురికి ఐస్‌క్రీం కొనిపెట్టడానికి వ్యాను తీశాడు.