క్లిప్పు కింద ఉండిపోయిన కాగితాలు

నేను ఒక పరీక్ష అట్టను. గొప్ప పుట్టుకేమీ కాదు. రాజమండ్రిలో ఒక రేకుల షెడ్డులో గోధుమరంగు పలకను కోసి, అంచులు అరగదీసి, నెత్తిన స్టీలు క్లిప్పు బిగించారు. ఆ క్లిప్పంటే నాకు మహా గర్వం. పట్టిందంటే వదలదు. దానివల్లే ఒక ఆడపిల్ల కొంప మునుగుతుందని అప్పుడు నాకేం తెలుసు?

కాకినాడలో వకుళ అనే పిల్ల వాళ్ల అన్నయ్య నన్ను కొని, పదో తరగతి గట్టెక్కగానే మూలన పడేశాడు. తర్వాత వాళ్లమ్మ సత్యవేణి గారు నా మీద బెండకాయలు తరిగారు, కరెంటు పోతే నాతో విసురుకున్నారు. చదువు సామాన్లకు మనుషులిచ్చే మర్యాద పరీక్షలున్నన్నాళ్లే మరి. చివరికి వకుళ డిగ్రీలో చేరి, నన్ను తోమి తుడిచి తీసుకుంది.

వకుళ తెలివికి లోటు లేదు. కాని పుస్తకం తెరిస్తే రెండో పేజీకల్లా మనసు వీధిలో ఐసు బండి వెంట పోయేది. అది తిరిగొచ్చేలోపు పక్కింటి కుక్కరు కూత పెట్టేది. ఆ పిల్ల చదువుతోందో, వీధికి కాపలా కాస్తోందో నాకే అర్థమయ్యేది కాదు.

ఆఖరి ఏడాది కెమిస్ట్రీ పరీక్ష బ్రహ్మాండంగా రాసింది. నాలుగు అడిషనల్ షీట్లు కూడా నింపింది. గంట మోగగానే కంగారులో అసలు పేపరు ఇచ్చేసి ఇంటికొచ్చింది. ఆ నాలుగు షీట్లూ దారం కట్టకుండా నా క్లిప్పు కిందే ఉండిపోయాయి. లెక్క చూసుకోవాల్సిన మాస్టారికి బస్సు తొందర. పరీక్ష తప్పింది. మళ్లీ రాసి గట్టెక్కకపోతే బీఈడీ సీటు పోయినట్టే.

"చేతిలో ఉన్నవి ఇవ్వడం మర్చిపోతారా ఎవరన్నా? శ్రద్ధ ఉంటే కదా," అన్నారు సత్యవేణి గారు.

"నేనూ అదే అనుకుంటన్నానమ్మా," అని వకుళ నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నాకు సిగ్గేసింది. పట్టుకున్నది నేనే కదా.

ఆ తర్వాత, ఈ పరధ్యానం సంగతేంటో కనుక్కుందామని ఇద్దరూ ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. నేనూ రిపోర్టులు మోస్తూ వెళ్లాను.

"శ్రద్ధ లేక కాదండి. ఉన్న శ్రద్ధ ఒకచోట కూర్చోదు. మందులు రాస్తాను," అని ఆవిడ వకుళ వైపు తిరిగారు. "అన్నీ బుర్రలో పెట్టుకోకమ్మా. కళ్లెదురుగా పెట్టుకో."

అట్ట మీద ఒక్క అక్షరం కనబడినా కాపీ కింద లెక్క. అందుకని వకుళ నా ఒంటికి ఆరు రబ్బరు బ్యాండ్లు వేసింది. పరీక్షలో అరగంటకోసారి గంట మోగినప్పుడల్లా ఒకటి తీసి, రాస్తున్న ప్రశ్నకు తిరిగి రావాలి. ఆఖరిది ఎర్రది, దాని కిందే షీట్లు కట్టే దారం. నెల రోజులు ఇంట్లో సాధన చేసింది. అరగంటకోసారి సత్యవేణి గారు వంటింట్లోంచి గరిటెతో కంచం మోగించేవారు. శ్రద్ధగా, ఒక్కసారి కూడా తప్పకుండా.

పరీక్ష రోజు హాల్లో కాపలా ఉన్న రత్నకుమారి మేడమ్ నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏంటమ్మా ఈ బ్యాండ్లు?"

"గంట కొట్టినప్పుడల్లా ఒకటి తీస్తానండి. లేపోతే నా బుర్ర ఎటో ఎల్లిపోద్దండి."

అక్షరం ముక్క దొరకలేదు. మేడమ్ నన్ను తిరిగి ఇచ్చేశారు.

నాలుగోసారి గంట మోగేసరికి వకుళ కిటికీలో ఉడుతను చూస్తోంది. వేలు బ్యాండుకు తగిలింది, మనసు ప్రశ్నలోకొచ్చింది. ఆఖరి గంట మోగగానే, నా ఒంటికి మిగిలిన ఎర్ర బ్యాండు కింద దారం దొరికింది. షీట్లు రెండుసార్లు ఎంచి, ముడి వేసి, ఇచ్చేసింది. గెంతుకుంటూ బయటికి పోయింది.

నేను బల్ల మీదే ఉండిపోయాను.

రెండు నెలలు మేడమ్ బీరువాలో ఉన్నాను. ఒకరోజు మార్కుల మెమో చేత్తో పట్టుకుని వకుళ వచ్చింది. పాసైంది. మేడమ్ నన్ను బయటికి తీశారు.

"మర్చిపోయావ్ కదే."

"ఆ రోజు మర్చిపోకూడనిది ఒక్కటేనండి. అది మర్చిపోలేదు," అని వకుళ నవ్వింది.

రెండో ఏడాదిలో ఇలాంటి పిల్లే ఇంకొకత్తె ఉందని మేడమ్ అన్నారు. వకుళ బ్యాగులోంచి ఐదు బ్యాండ్లు తీసి, ఎర్రదాని పక్కన నాకు తొడిగి, నన్ను అక్కడే ఇచ్చేసి వెళ్లింది.

ఇప్పుడు ఆ కొత్త పిల్ల ఒళ్లో ఉన్నాను. నా క్లిప్పు కాస్త వదులైంది. కాగితాలు లాగితే వచ్చేస్తున్నాయి. మంచిదే.