మార్జిన్‌లో మాటలు

ఆ ఆఫీసులో ఎవరేం రాసినా చివరికి ఆమె దగ్గరికే వచ్చేది. రిపోర్టులకు హెడింగులు సరిచేయడం, పేజీ నంబర్లు వేయడం, మీటింగులకు స్లైడ్లు తయారుచేయడం ఆమె పని. జెరాక్స్ మిషను పక్కన, ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసే గదిలో ఆమె బల్ల. కిటికీ ఉంది కానీ, తీస్తే పక్క భవనం గోడ.

ఏ ఫైలు తెరిచినా ముందుగా మామూలు కంటికి కనిపించని గుర్తులన్నీ తెర మీదికి రప్పించేది. స్పేస్ కొట్టిన చోటల్లా ఒక చుక్క, ట్యాబ్ కొట్టిన చోట ఒక బాణం, ఎంటర్ కొట్టిన చోట ఒక వంకర గీత.

"నీ తెర నిండా చీమలేనమ్మా, పంచదార గానీ ఒలకబోశావా?" అనేవాడు అటెండరు బాబాయి, టీ పెడుతూ. ఆ గదిలోకి రోజూ వచ్చే మనిషి ఆయనొక్కడే. ఆయనకూ పై అంతస్తులన్నీ తిరగాలి కాబట్టి జవాబు వినేదాకా ఆగడు.

ఆ గుర్తులను బట్టి ఆమెకు మనుషులు తెలిసిపోయేవారు. మేనేజరుగారికి కొత్త పేజీ కావాలంటే, ఉన్న పేజీ నిండేదాకా ఎంటర్ కొడుతూనే ఉంటారు. పైన ఒక్క వాక్యం చేరిందంటే కిందవన్నీ జారిపోతాయి. అకౌంటెంటు వాక్యం వదలకుండా అన్నీ బోల్డ్ చేస్తాడు. ఇంట్లో ఆయన మాట ఎవరూ వినరేమో అనుకునేది. వాళ్ల వేళ్ల అలవాట్లన్నీ ఆమెకు తెలుసు. లిఫ్టులో ఎదురుపడితే మాత్రం ఆమె ఎవరో వాళ్లకు తెలియదు.

సాయంత్రం హాస్టలుకు వెళ్లినా అంతే. గదిలో ఉండే రెండో అమ్మాయికి రాత్రి డ్యూటీ. ఈమె వెళ్లేసరికి ఆ మంచం మీద మడతపెట్టిన దుప్పటి, అద్దం దగ్గర తడి దువ్వెన ఉండేవి.

ఆమెతో మాట్లాడే మనిషి ఒకరున్నారు. దూరపు బ్రాంచిలో బోరుబావులు పరీక్షించే ఇన్‌స్పెక్టరు, రిటైర్మెంటుకు దగ్గరపడిన ఆవిడ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు. బావుల లోతు, నీటిమట్టం, ఉప్పదనం పట్టికలుగా వేసి ఆవిడ నెలనెలా రిపోర్టు పంపేది. మొదటిసారి వచ్చిన పట్టిక మొత్తం స్పేసులతో పేర్చి ఉంది. ఆమె ఎప్పటిలాగే మార్జిన్‌లో ఒక కామెంటు పెట్టింది. అంకెలను స్పేస్‌తో జరపవద్దనీ, ఫాంటు మారితే వరసలు చెదిరిపోతాయనీ, ట్యాబ్ వాడమనీ రాసింది. అలాంటి కామెంట్లు అందరికీ పెట్టేది. జవాబు ఎవరూ ఇచ్చేవారు కాదు. ఆవిడ ఇచ్చింది.

"అమ్మాయీ, మీటలన్నిట్లోకీ ఆ స్పేస్ ఒక్కటే పొడుగ్గా ఉంటే, చూపు ఆనని వాళ్ల కోసం పెట్టారనుకున్నాను. ఇంతకీ ఆ ట్యాబ్ ఎక్కడ చచ్చింది?"

ఆమె ఆ చిన్న గదిలో ఒక్కతే నవ్వుకుంది. ట్యాబ్ ఎక్కడుందో రాసి పంపింది. అలా మొదలైంది. హెడింగు కావాలంటే అక్షరాలు పెద్దవి చేయడం కాదు, హెడింగు స్టైలు ఎంచుకోవాలని ఈమె రాస్తే, చీరకట్టు నేర్పినట్టు నేర్పుతున్నావని ఆవిడ రాసేది. కొత్త పేజీకి పేజీ బ్రేక్ ఉంటుందంటే, ఇన్నేళ్లూ నా వేళ్లు అరగదీసుకున్నది ఎవరి కోసమని అడిగేది. ఒక రిపోర్టులో స్లైడ్ల గురించి మాట వచ్చింది. స్లైడు మీద నాలుగు లైన్లు దాటకూడదు, చివరి వరసలో కూర్చున్న మనిషికి కూడా అక్షరం కనిపించాలి, రాసి ఉన్నదే పైకి చదవకూడదు అని ఈమె చెప్పింది. "చివరి వరసలో కూర్చునేదాన్ని నేనే కదా" అని అటునుంచి వచ్చింది. మేడమ్ అన్న పిలుపు ఎప్పుడు పిన్నిగా మారిందో గుర్తులేదు. ఫైలు అటూ ఇటూ తిరిగేకొద్దీ మార్జిన్ నిండిపోయేది. అచ్చుకు పంపేముందు కామెంట్లన్నీ తీసేయాలి. ఒక్క నొక్కుతో అన్నీ పోయేవి. మళ్లీ వచ్చే నెలదాకా ఎదురుచూపే.

కానీ పిన్ని మంచి విద్యార్థి. చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది. గుర్తులు రప్పించి తన పని తానే చూసుకోవడం కూడా ఈమే నేర్పింది. రానురాను రిపోర్టులు కడిగిన పళ్లెంలా రావడం మొదలుపెట్టాయి. ఈమె "బాగుంది పిన్నీ" అని రాస్తే, ఆవిడ "సరే" అని ఊరుకునేది. బాగున్నదాని మీద అంతకంటే రాయడానికి ఏముంటుంది?

ఆ మధ్యే మేనేజరుగారు పిలిచి, బ్రాంచిలన్నిటికీ ఒకే టెంప్లేటు తయారుచేయమన్నారు. అందులో నింపి పంపితే రిపోర్టులు నేరుగా అచ్చుకు వెళ్లిపోతాయి, నీకూ శ్రమ తగ్గుతుంది అన్నారు. ఆమె తల ఊపి వచ్చేసింది.

ఆ నెల పిన్ని రిపోర్టు వచ్చింది. ఒక్క చుక్క ఎక్కువ లేదు. మొదటినుంచి చివరిదాకా మళ్లీ మళ్లీ చూసింది. టెంప్లేటు వచ్చాక ఇంక ఇదీ రాదు. నీటిమట్టం పట్టికలో కర్సరు పెట్టి, అంకెల ముందు అక్కడక్కడా స్పేసులు కొట్టింది. వరసలు పక్కకు జరిగాయి. పక్కన కామెంటు పెట్టింది: "పిన్నీ, ఇక్కడ మళ్లీ పాత అలవాటు వచ్చినట్టుంది. ఏమైంది, ఒంట్లో బాగుందా?"

పంపాక రోజంతా తేలిగ్గా ఉంది. జవాబు మర్నాడు వచ్చింది.

"అమ్మాయీ, నిన్న పని మానుకుని ఈ పట్టికతోనే కూర్చున్నాను. చూపు ఇంకా మందగించిందేమో అని కళ్ల డాక్టరుకు కబురు పెట్టాను. చూపు పోయిందంటే నన్ను ఈ పనిలో ఉంచరు. తర్వాత గుర్తులు రప్పించి చూశాను. ఈ చుక్కలు నావి కావు. నేను పంపిన కాపీ నా దగ్గరుంది, అందులో లేవు. నువ్వు పెట్టావా?"

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. సాఫ్ట్‌వేర్ వేరైతే ఒక్కోసారి ఇలా జరుగుతుంది అని టైపు చేసింది. ఎవరైనా నమ్మే మాటే. దాన్ని చాలాసేపు చూసి చెరిపేసింది. "నేనే పెట్టాను పిన్నీ" అని రాసి పంపింది.

ఆ కామెంటు కింద ఒక ఫోను నంబరు వచ్చింది. దానితో ఇంకో మాట లేదు.

భోజనాల వేళ మెట్ల మలుపులో నిలబడి ఫోను చేసింది. తను అనుకున్న గొంతు వేరు. లావుగా, నిదానంగా ఉంటుందనుకుంది. అటునుంచి సన్నని గొంతు గబగబా పలికింది. వెనక పంపు మోత.

"ఎవరు?"

"రిపోర్టులు దిద్దే అమ్మాయిని, పిన్నీ."

"ఓ, నువ్వా. ఎందుకు చేశావమ్మా ఆ పని?"

"మీరు తప్పులు చేయడం మానేశారు. మీకు రాయడానికి నాకేమీ దొరకలేదు."

ఆవిడ ఎవరికో చెప్పి పంపు కట్టించింది.

"నా ప్రాణం ఎంత కొట్టుకుందో తెలుసా నీకు?"

"తెలియదు. తెలిస్తే చేసేదాన్ని కాదు."

"ఇంకోసారి నా అంకెలు ముట్టుకోకు."

"ముట్టుకోను."

ఆవిడ తిడుతుందని ఎదురుచూసింది. తిట్టలేదు. తిన్నావా అని అడిగింది. తిన్నానంది. మీరు తిన్నారా అంటే, ఇంకా లేదంది. ఆ తర్వాత ఇద్దరికీ మాట దొరకలేదు. మార్జిన్‌లో అయితే ఎదురుగా ఒక వాక్యం ఉంటుంది, దాన్ని పట్టుకుని మొదలుపెట్టవచ్చు. సరే మరి అని ఆవిడ, సరే పిన్నీ అని ఈమె ఫోను పెట్టేశారు.

ఆ వారంలోనే టెంప్లేటు పూర్తిచేసింది. ఎక్కడా లోటు లేకుండా చేసింది. పట్టికలో అంకె పడగానే దానంతటదే వరసలోకి వచ్చి నిలబడేటట్టు చేసి, అన్ని బ్రాంచిలకూ పంపింది. మేనేజరుగారు బాగుందన్నారు. తర్వాతి నెల పిన్ని రిపోర్టు ఆమె దగ్గరికి రాకుండానే అచ్చయిపోయింది.

ఒక సాయంత్రం బస్సులో వెళ్తూ ఆ నంబరుకు చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఫోను సంచిలో వేసుకున్నాక మోగింది.

"ఏమ్మా, ఏమైనా తేడా వచ్చిందా?"

"ఏమీ లేదు పిన్నీ. ఊరికే చేశాను."

"ఊరికేనా?"

"ఊరికే."

"అయితే చెప్పు."

బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. కిటికీలోంచి కనిపించినదే చెప్పడం మొదలుపెట్టింది. చెప్పుల కొట్టతను షట్టరు సగం దించి లోపల లెక్కేదో చూసుకుంటున్నాడు పిన్నీ, బయట ఒకావిడ ఒంటికాలి మీద నిలబడి ఉంది, రెండో కాలి చెప్పు లోపలుంది కాబోలు, పిలవడానికి మొహమాటపడుతోంది. బస్సు కదిలింది. తర్వాత మందుల షాపు వచ్చింది, దాని గురించి చెప్పింది. అవతల ఏ చప్పుడూ లేదు. పిన్ని వింటోందో, లైను పోయిందో తెలియలేదు. చూడాలంటే ఫోను చెవి దగ్గరనుంచి తీయాలి. ఆమె తీయలేదు. వంతెన వచ్చింది పిన్నీ, అంది.