అక్క దాచిన అలసందలు

మా అక్క జ్ఞానప్రసూన ఇర్వింగ్‌లో ఏటా ఉగాది నాడే అలసందలు విత్తేది. పచ్చడి తిని, చేతులు కడుక్కుని, నాకు ఫోన్ చేసేది: "నావి పడ్డాయే, నీవో?" అక్కడ టెక్సస్‌లో ఆపాటికి నేల వెచ్చబడుతుంది. ఇక్కడ అల్ఫారెట్టాలో ఏప్రిల్ సగం గడిస్తే గానీ రాత్రిళ్ళు మంచు గడ్డకట్టే ఫ్రాస్ట్ భయం పోదు. ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. అమెరికా అంతా తన పెరడే అనుకునేది మహాతల్లి.

మొన్న శీతాకాలంలో అక్క పోయింది. ఇల్లు అమ్మేశారు. ఉగాదికి ఆవిడ కూతురు స్పందన టెక్సస్‌లోనే ఉన్న ఫ్రిస్కో నుంచి మా ఇంటికొచ్చింది, కాఫీపొడి సీసా ఒకటి పట్టుకుని. అడుగున గుప్పెడు అలసందలు. అక్క తన చేత్తో ఎండబెట్టి దాచినవాటిలో మిగిలినవి అవే.

"పిన్నీ, అమ్మలాగే ఇవాళే వేసేద్దాం. నా అపార్ట్‌మెంట్‌లో మట్టే లేదు."

"ఇవాళ వద్దే తల్లీ. ఈసారి ఉగాది మరీ ముందొచ్చింది. ఇక్కడ ఇంకా ఫ్రాస్ట్ పడుతుంది. అలసంద చలికి ఆగదు."

"వెదర్ యాప్‌లో అంతా వార్మ్‌గానే ఉంది కదా!"

"పోనీ, సగం దాచుకో."

"అమ్మ ఎప్పుడైనా సగం వేసిందా?" అని భోరుమంది.

తల్లి పోయాక ఆ పిల్ల ఏడవడం నేను చూడటం అదే మొదలు. నోరున్న మనిషినని నాకు పేరు. ఆ పూట ఆ నోరు ఏ గంగలో కలిసిందో! కొత్త చీర కుచ్చిళ్ళు దోపుకుని నేనే సాళ్ళు తీశాను. స్పందన ఒక్క గింజ మిగల్చకుండా వేసేసింది.

మొలిచాయి. అదీ నా ఖర్మ. మొలవకపోతే తప్పు విత్తనం మీదికి నెట్టేసేదాన్ని. తిరిగి వెళ్ళాక స్పందన రోజూ ఆఫీస్‌లో లంచ్‌కి కూర్చోగానే వీడియో కాల్ చేసేది: "పిన్నీ, చూపించు." జంట ఆకులు చూసి నవ్వేది. సిగ్గులేకుండా నాకూ ఆశ పుట్టింది.

ఏప్రిల్ మొదట్లో మా ఆయన రాజారావు ఫోన్ చూస్తూ, "ఇవాళ ఫ్రాస్ట్ వార్నింగ్ ఇచ్చారోయ్" అన్నారు. పొద్దుండగానే ఇద్దరం పాత దుప్పట్లు, నా నేత చీరలు కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాం. నడుం పట్టేసినా ఆయన పుల్లలు పాతి గుడారంలా కట్టారు. అంతకంటే ఏం చేస్తాం?

తెల్లారేసరికి చీరలు బిర్రబిగుసుకుపోయి ఉన్నాయి. ఎత్తి చూస్తే మొక్కలన్నీ ఉడికిన తోటకూరలా నల్లబడి వాలిపోయాయి. ఒక్కటైనా బతికిందేమోనని మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. లేదు. ఎవర్ని తిట్టాలో తెలియక మా ఆయన్ని తిట్టాను. పాపం, ఆయన మాటలు పడ్డారు.

లంచ్ వేళకి ఫోన్ మోగింది. దాచి ఏం లాభం? కెమెరా తిప్పి సాళ్ళన్నీ చూపించాను.

"అమ్మయితే ఏం చేసేది పిన్నీ?"

"ఏం చేస్తుందే, మళ్ళీ విత్తేది" అనేశాను.

"మరి నేను ఏవి విత్తను?"